లేచి వచ్చినవాడు

గత నెలలో ఒక ఉదయం మదనపల్లెలోని మా మదర్సాలో పై తరగతి విద్యార్థులకు హదీసు పాఠం చెబుతున్నాను. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) గారి పశ్చాత్తాప వృత్తాంతం అది. ఏళ్ళ తరబడి ఏటేటా చెబుతున్న పాఠం కనుక గ్రంథం మూసి ఉన్నా నా నోట సాగిపోతుంది. పాఠం ముగింపుకు వచ్చిన సమయంలో వెనుక వరుసలోని ఒక బాలుడు చెయ్యెత్తాడు. మామూలుగా ప్రశ్నలు వేసే అలవాటు లేని పిల్లవాడు.

"హజ్రత్! దారి పొడవునా అంతమంది ఆయనకు శుభాకాంక్షలు చెప్పారు కదా. మరి జీవితాంతం తల్హా గారి ఒక్కరి మేలే ఎందుకు గుర్తుపెట్టుకున్నారు?"

వ్యాఖ్యాన గ్రంథాలలో ఉన్న సమాధానం చెప్పాను. బాలుడు తలూపి కూర్చున్నాడు. నాకు మాత్రం ఆ రోజంతా మనసు నిలవలేదు. ఆ ప్రశ్నకు అసలు సమాధానం నా దగ్గర ఉంది. అది గ్రంథాల నుంచి వచ్చింది కాదు. పుంగనూరు దగ్గర టమాటా సాగు చేసే నా మిత్రుడి నుంచి వచ్చింది. పిల్లల ముందు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. ఈ శీర్షికలో చెప్పుకుంటున్నాను.

ముందుగా ఆ వృత్తాంతాన్ని కొంచెం వివరంగా మననం చేసుకుందాం. హిజ్రీ 9వ సంవత్సరం, అంటే క్రీ.శ. 630. ఎండలు మండిపోతున్నాయి. మదీనా తోటల్లో ఖర్జూరాలు పండి, నీడలు చల్లగా మనుషులను పిలుస్తున్నాయి. ఆ సమయంలో దైవప్రవక్త (స) తబూక్ యాత్రకు పిలుపునిచ్చారు. కఅబ్ (రజి) గారికి అప్పుడు ఆరోగ్యం ఉంది, సంపద ఉంది, రెండు సవారీ జంతువులు కూడా ఉన్నాయి. బయలుదేరాలన్న సంకల్పమూ ఉంది. ఈ రోజు సిద్ధమవుదాం, రేపు కలుసుకుందాం అనుకుంటూ ఉండగానే సైన్యం దూరమైపోయింది. ఆయన వెనుక మిగిలిపోయారు.

ప్రవక్త (స) తిరిగి వచ్చాక, వెళ్ళనివారు ఎనభై మందికి పైగా ఒక్కొక్కరే వచ్చి ప్రమాణాలు చేసి సాకులు చెప్పుకున్నారు. కఅబ్ గారు మాటకారి. సాకు అల్లడం ఆయనకు కష్టమైన పని కాదు. అయినా తన దగ్గర ఏ కారణమూ లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆయనతోనూ, అలాగే నిజం చెప్పిన మరి ఇద్దరితోనూ ఎవరూ మాట్లాడకూడదని ఆదేశం వెలువడింది. యాభై రాత్రులు! బజారులో తిరిగితే పలకరించేవారు లేరు. ప్రాణసమానుడైన పినతండ్రి కుమారుడు అబూ ఖతాదా (రజి) తోట గోడ ఎక్కి సలాం చేస్తే ఆయన కూడా బదులు పలకలేదు. కఅబ్ గారి కళ్ళు చెమర్చాయి. ఆ స్థితిలో ఘస్సాన్ రాజు నుంచి, మా దగ్గరకు వచ్చేయండి, ఆదరిస్తామని లేఖ వచ్చింది. దాన్ని ఆయన పొయ్యిలో పడేశారు.

యాభయ్యో ఉదయం ఫజ్ర్ నమాజు ముగించి ఇంటి పైకప్పు మీద కూర్చుని ఉండగా సలా కొండ మీద నుంచి ఒక కేక వినిపించింది. క్షమాపణ అవతరించింది! గుర్రమెక్కి వస్తున్న మనిషి కంటే ఆ కేక ముందుగా చేరింది. శుభవార్త వినిపించిన మనిషికి కఅబ్ గారు తన ఒంటి మీది వస్త్రాలే కానుకగా ఇచ్చేసి, ఎరువు వస్త్రాలు తొడుక్కుని మస్జిదుకు బయలుదేరారు. దారిలో జనం గుంపులు గుంపులుగా ఎదురై అభినందించారు. మస్జిదులో అడుగుపెట్టగానే, సభలో కూర్చుని ఉన్న హజ్రత్ తల్హా బిన్ ఉబైదుల్లాహ్ (రజి) లేచి పరుగు పరుగున వచ్చి చేయి కలిపారు. ముహాజిర్లలో మరెవరూ లేవలేదు. కఅబ్ గారు వృద్ధాప్యంలో చూపు కోల్పోయారు. ఆయన చేయి పట్టి నడిపించిన కుమారుడు అబ్దుల్లాహ్ ద్వారానే ఈ వృత్తాంతం మనకు చేరింది. కళ్ళు పోయినా ఒక మనిషి తన కోసం లేచిన దృశ్యం మాత్రం ఆ పెద్దాయన ముందు నుంచి పోలేదు.

ఇక నా సంగతి.

మేము ముగ్గురం. 1984లో ఉమరాబాద్ దారుస్సలాంలో చేరడానికి వెళ్తూ కుప్పం రైల్వేస్టేషన్‌లో మొదటిసారి కలుసుకున్నాం. ముగ్గురి చేతుల్లోనూ ఒకే రకం రేకు పెట్టెలు. ఒకడిది కుప్పం, ఒకడిది పుంగనూరు పక్కన పల్లె, నాది మదనపల్లె. ఆంబూరులో దిగేసరికే చుట్టరికం కలిసిపోయింది. అక్కడ ఒకే గదిలో ఉన్నాం. పుంగనూరు మిత్రుడు నాలుగేళ్ళకే చదువు వదిలి తండ్రికి తోడుగా సేద్యంలోకి వెళ్ళిపోయాడు. కుప్పం మిత్రుడు కొంతకాలం ఒక మస్జిదులో ఇమామత్ చేసి, తర్వాత తండ్రి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాడు. నేనొక్కడినే కడదాకా చదివి 'హజ్రత్' అనిపించుకున్నాను. ముగ్గురిలో బాగా చదివేవాడు పుంగనూరు మిత్రుడే. ఈ మాట ఇంతకు ముందు నేను ఎక్కడా ఒప్పుకోలేదు.

మా ప్రాంతంలో టమాటా సేద్యం ఎలాంటిదో ఇతర జిల్లాల పాఠకులకు తెలియకపోవచ్చు. నారు పోయాలి, కట్టెలు నాటాలి, దారం లాగి మొక్కను నిలబెట్టాలి, వారం వారం మందు కొట్టాలి. ఎకరాకు పెట్టుబడి లక్షల్లో ఉంటుంది. ఇంతా చేసి కాయ మదనపల్లె మార్కెట్‌లోని మండీకి చేరాక ఆ ఉదయం వేలంపాటలో ఎంత పలికితే అంతే. కాయను దాచుకోవడానికి లేదు, వెనక్కి తీసుకుపోవడానికి లేదు. కోత కూలీ, బండి బాడుగ కూడా రాని రోజుల్లో రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసి పోవడం మేము ఏటా చూసేదే.

నా మిత్రుడు ఇరవై ఏళ్ళు ఈ జూదంలాంటి సేద్యం చేశాడు. జూదమన్న మాట నాది. వాడికి నచ్చదు. "రిజ్క్ వెతుక్కోవడం భాయ్, జూదం అనకు" అనేవాడు. 2018లో వానలు మొహం చాటేసి, ఒకదాని వెనుక ఒకటి మూడు బోర్లు ఎండిపోయాయి. 2020 వేసవిలో లాక్‌డౌన్ వచ్చి లారీలు కదలక, తోటలోనే కాయ కుళ్ళిపోయింది. 2021 మే నెలలో వాళ్ళ నాన్నగారు కరోనాతో కన్నుమూశారు. బంధువులు కూడా దగ్గరకు రావడానికి భయపడిన ఆ రోజున జనాజా నమాజు నేనే చేయించాను. వెనుక నిలబడినవారు పది మంది కూడా లేరు.

ఆ కష్టాలన్నింటిలోనూ నేను వెళ్ళాను. బస్సు దొరకనప్పుడు ఎవరి బండి మీదనో వెళ్ళాను. అయ్యూబ్ (అలై) గారి సహనం గురించి చెప్పాను. మక్కాలో ఒకే ఏడాదిలో భార్యనూ, పెదనాన్ననూ పోగొట్టుకుని, ఊరట కోసం తాయిఫ్ వెళ్తే రాళ్ళ దెబ్బలు తిన్న మన ప్రవక్త (స) గురించి చెప్పాను. వాడు వినేవాడు. ఒక్కోసారి నవ్వేవాడు కూడా. "అల్లాహ్ ఈసారి ప్రశ్నపత్రం కొంచెం పొడుగ్గా ఇచ్చాడు భాయ్. రాస్తూనే ఉన్నాను" అన్నాడొకసారి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా మనసు తేలిగ్గా ఉండేది. ఒక మంచి పని చేశానన్న తృప్తి. అందులో తప్పు వెతకవలసిన అవసరం అప్పట్లో కనిపించలేదు.

2023 జూలై వచ్చింది. దేశమంతటా టమాటాకు కొరత. మదనపల్లె మార్కెట్‌లో కిలో ధర 50 దాటింది, 100 దాటింది, ఆ నెలాఖరుకు 200కు చేరువైంది. ఇళ్ళల్లో టమాటా లేని పప్పు వండుకున్నారు. రైతులు రాత్రిళ్ళు తోటల్లో కాపలా పడుకున్నారు. ఇతరుల తోటలు తెగుళ్ళతో పోయిన ఆ సమయంలో, అల్లాహ్ దయవల్ల, నా మిత్రుడి రెండెకరాలు చక్కగా కాసి కోతకు వచ్చాయి.

నెల తిరిగేసరికి వాడి అప్పులన్నీ తీరిపోయాయి. ఒక పాత ట్రాక్టరు కొన్నాడు. ఆగిపోయిన కొడుకు నికాహ్ నిశ్చయం చేసి, ఆగస్టు చివరి వారంలో వలీమా పెట్టుకున్నాడు. స్వయంగా ఫోన్ చేశాడు. "భాయ్, నువ్వు ముందు రోజే రావాలి. ఇన్నాళ్ళూ నా ఏడుపే చూశావు, ఈసారి నవ్వు చూడు" అన్నాడు.

నేను వెళ్ళలేదు.

అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గర పడ్డాయని చెప్పాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ నెల సఫర్. మన ఇళ్ళల్లో కొందరు పెద్దవాళ్ళు 'తేరా తేజీ' రోజుల్లో శుభకార్యమేమిటని గొణుగుతారు. వాడి బంధువుల్లోనూ కొందరు గొణిగారట. ఆ అపోహకు ఇస్లాంలో చోటు లేదని ఎన్ని శుక్రవారాలు ప్రసంగించానో నాకే లెక్క లేదు. మిత్రుడు నా ప్రసంగాన్ని నమ్మి ఆ రోజుల్లో వలీమా పెట్టుకుంటే, ప్రసంగించిన నేను వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదు? చాలాకాలం నన్ను నేను ప్రశ్నించుకోలేదు. ట్రాక్టరు కొన్నాడని విన్న రోజు నాలో ఏదో చిన్నగా ముడుచుకుపోయింది. నా జీతం ఆ సంవత్సరమూ అంతే. మా అమ్మాయి పెళ్ళి అప్పటికి కుదరలేదు. వాడి సంపద పోవాలని నేను కోరుకోలేదు. అల్లాహ్ సాక్షి. కానీ వాడి ఆనందం ముందు నేను కూర్చోవడానికి ఒక చోటు కనిపించలేదు. దుఃఖంలో ఉన్నవాడి దగ్గర నా చోటు నాకు తెలుసు. ఓదార్చేవాడు ఎప్పుడూ కాస్త ఎత్తున కూర్చుంటాడు. వాడి ఇంట్లో ఆ ఎత్తు పీట ఇక లేదు.

కుప్పం మిత్రుడు వెళ్ళాడు. రెడీమేడ్ దుస్తులు వచ్చాక వాడి కుట్టుపని సగానికి సగం పడిపోయింది. పైగా అప్పటికి కంటి ఆపరేషన్ అయి పది రోజులు. అలాంటివాడు, ఆపరేషన్‌కు ముందే రాత్రిళ్ళు మేలుకుని పెళ్ళికొడుకు షేర్వాణీ కుట్టి పెట్టాడు. డబ్బు పుచ్చుకోలేదు. కంటికి నల్ల అద్దాలు పెట్టుకుని పలమనేరు మీదుగా రెండు బస్సులు మారి పుంగనూరు చేరాడు. పందిట్లో పొద్దంతా వడ్డన చేశాడట. మర్నాడు నాకు ఫోన్ చేసి ఆ విశేషాలన్నీ చెప్పాడు. నిష్ఠూరమేమీ ఆడలేదు. చివర్లో మాత్రం మామూలు సంగతిలా ఒక మాట అన్నాడు: "నీ కోసమని ఒక పళ్ళెం మూత పెట్టి పక్కన ఉంచాడు. ఇషా అయ్యేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు."

ఆ మాటకు కూడా నేను పూర్తిగా మేలుకోలేదు. సెప్టెంబరులో టమాటా ధర ఎంత వేగంగా ఎక్కిందో అంత వేగంగా దిగిపోయింది. వచ్చిన లాభాన్ని చూసి ఎక్కువ ఎకరాల్లో నాటినవారు మళ్ళీ మునిగారు. నా మిత్రుడూ మరో ఎకరం కౌలుకు తీసుకుని నాటి ఉన్నాడని తెలిసింది. తెలిసిన పూటే ఫోన్ చేశాను. చేతికి అంత చురుకు ఎక్కడి నుంచి వచ్చిందో! చాలాసేపు ధైర్యం చెప్పాను. సహనం గురించి, తవక్కుల్ గురించి. వాడు అంతా విని, కొంచెం ఆగి, మెల్లగా అన్నాడు: "ఈ గొంతు వలీమా రోజున వినాలనుకున్నాను భాయ్."

అంతే. తర్వాత మా మదర్సా పరీక్షలు ఎలా జరిగాయని అడిగాడు.

పాఠక సోదర సోదరీమణులారా! విద్యార్థులకు నేను హసద్ అనే పదాన్నీ, గిబ్తా అనే పదాన్నీ విడదీసి బోధిస్తాను. ఎదుటివాడి అనుగ్రహం పోవాలని కోరుకోవడం హసద్. అది నిషిద్ధం. వాడిది వాడికే ఉండి, నాకూ అలాంటిది దొరకాలని ఆశించడం గిబ్తా. మన ఉర్దూలో రష్క్ అంటాం. అందులో దోషం లేదు. నిర్వచనాల ప్రకారం చూస్తే నాది హసద్ కాదు. నేను గట్టున పడ్డాను. కానీ ఈ రెండు పదాలకూ మధ్య ఒక సన్నని సందు ఉంది. మిత్రుడి సంపద పోవాలని కోరుకోం, అలాగని వాడి గుమ్మంలోకి వెళ్ళి మన ముఖం చూపించం. పరీక్షలో ఈ సందు గురించి ప్రశ్న రాదు కనుక నేనూ చెప్పలేదు, నాకు చెప్పినవారూ లేరు.

ఇమామ్ గజాలీ (రహ్మలై) తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో స్నేహానికీ సోదరభావానికీ ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించారు. స్నేహితుడికి మన మీద ఉండే హక్కులు ఎనిమిదింటిని లెక్కించారు. ధనంతో ఆదుకోవడం మొదలు, నాలుకను అదుపులో ఉంచుకోవడం, అదే నాలుకతో ప్రేమను బయటపెట్టడం, పొరపాట్లు మన్నించడం, వాడి కోసం దుఆ చేయడం ఇలా సాగుతాయవి. ప్రేమను నోటితో బయటపెట్టడం కూడా ఒక హక్కేనన్నది మేము ఉమరాబాద్‌లో చదివినప్పుడు వింతగా తోచింది. మనసులో ఉంటే చాలదా అనుకునేవాళ్ళం.

అంతకంటే సూటిగా ఉన్నది బుఖారీ, ముస్లింలలోని ప్రసిద్ధ హదీసు. ఒక ముస్లింకు మరో ముస్లిం మీద ఉన్న హక్కులలో దైవప్రవక్త (స) ఐదింటిని పేర్కొన్నారు: సలాంకు బదులు పలకడం, రోగిని పరామర్శించడం, జనాజా వెంట నడవడం, ఆహ్వానాన్ని మన్నించడం, తుమ్మినవాడికి దుఆతో జవాబివ్వడం. ఈ హదీసును నేను ఎన్ని జనాజాల దగ్గర వినిపించానో! జనాజా వెంట నడవడమూ, ఆహ్వానాన్ని మన్నించడమూ ఒకే వరుసలో పక్కపక్కనే ఉన్నాయి. నేను ఒకదాన్ని ఎప్పుడూ గట్టిగా చదివాను. రెండోదాన్ని తేలికపరిచి దాటేశాను. మిత్రుడి తండ్రి జనాజాకు ప్రాణభయం వదిలి వెళ్ళినవాణ్ణి, మిత్రుడి కొడుకు వలీమాకు ముప్పావుగంట బస్సు ప్రయాణం చేయలేకపోయాను.

మన ఇళ్ళల్లోనూ ఇది జరుగుతున్నదేమో ఒకసారి చూసుకోండి. చెల్లెలి భర్త ఉద్యోగం పోయిందంటే అక్క రాత్రికి రాత్రి బయలుదేరుతుంది. అదే చెల్లెలు కొత్త ఇల్లు కట్టుకుని పిలిస్తే అక్కకు నడుము నొప్పి వస్తుంది. ఆ నడుము నొప్పి నాకూ వచ్చింది కనుక దాని గురించి రాసే అర్హత కొంత ఉంది.

ఆ బాలుడు ప్రశ్న అడిగిన రోజుకు సరిగ్గా వారం తర్వాత పుంగనూరు మిత్రుడి మనవడి అఖీఖా. ఈ మధ్యకాలంలో మేము కలుసుకోలేదని కాదు. ఒకటి రెండు జనాజాలలో కలిశాం, సలాం చెప్పుకున్నాం. ఆ సెప్టెంబరు మాటను మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఈసారి వాడు ఫోన్‌లో 'తప్పకుండా రావాలి' అని కూడా అనలేదు. "గురువారం భాయ్, వీలైతే చూడు" అన్నాడు.

బుధవారమే అసర్ చేసుకుని బయలుదేరాను. చేతిలో పిల్లవాడికని కొన్న చిన్న దుప్పటి. బస్సు పుంగనూరు దారి పట్టాక, ఏమని క్షమాపణ అడగాలో వరుసగా పేర్చుకున్నాను. అరబ్బీలో కొంత, ఉర్దూలో కొంత. పొట్టి ఆవులకు పేరుపడిన ఊరు కదా, ఊరి మలుపులో ఒక ఆవు రోడ్డుకు అడ్డంగా నిలబడి బస్సును ఆపేసింది. కండక్టరు దిగి అదిలించినా అది కదల్లేదు. నాకు ఆ ఆలస్యం బాగానే అనిపించింది.

వాడి ఇంటి ముందు రేకుల కొట్టం కింద ఉల్లిపాయలు తరుగుతూ నలుగురైదుగురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో వాడు ఉన్నాడు. నేను గేటు దగ్గర చెప్పులు విడుస్తూ ఉండగానే చూశాడు. కత్తి కింద పడేసి, ఒళ్ళో ఉల్లిపొట్టు రాలుతుండగా లేచి, యాభై ఐదేళ్ళవాడు, మోకాలి నొప్పి ఉన్నవాడు, గేటు దాకా పరుగెత్తుకొచ్చాడు. తడి చేతులతోనే నా చేయి పట్టుకున్నాడు. లేచి వెళ్ళవలసినవాణ్ణి నేనైతే, వాడే ముందు లేచాడు.

పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఆ రోజు పరీక్షలు లేవు" అని మాత్రం అన్నాను.

"తెలుసు" అన్నాడు. "రా, లోపల పిల్లవాణ్ణి చూద్దువు గాని. వాళ్ళ తాత ముక్కే."

మర్నాడు పిల్లవాడి తల వెంట్రుకలు తీసి, వాటి తూకం వెండికి ధర కట్టి దానం చేశారు. కుప్పం మిత్రుడు అరచేతిలో ఇమిడేంత జుబ్బా ఒకటి కుట్టి తెచ్చాడు. అది పిల్లవాడికి వదులై, చేతులు కనిపించక, ఆడవాళ్ళు నవ్వుకున్నారు. మధ్యాహ్నం ముగ్గురం ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్నాం. ఆ ఉదయం మార్కెట్‌లో టమాటా ఎంత పలికిందని ఎవరో అడిగారు. నా మిత్రుడు అంకె చెప్పాడు, అది మంచి అంకె కాదు. నేను అయ్యూబ్ (అలై) గారి ప్రస్తావన తేలేదు. కుప్పం మిత్రుడు ఉప్పు అందించమన్నాడు.